ఏడో పెట్టె పలకలేదు

వంతెన చూసి రమ్మని పంపిన మనిషి తిరిగి రాలేదు. ఉదయం ఏడింటికి ఏటి అవతలి ఒడ్డున ఒక్క తుపాకీ మోత వినిపించింది. అంతే.

ఎనిమిదింటికి రేడియో పలికింది.

"జర్మన్లు ఊరు ఖాళీ చేశారు. పోతూ పోతూ మీ మనిషిని కాల్చారు. వంతెన క్షేమం. త్వరగా రండి. నీలిపిట్ట."

కెప్టెన్ ప్రూయిట్ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. రెండు రోజుల కింద విమానాల్లోంచి అతనితో పాటు పారాచూట్లతో దూకినవాళ్ళు నూట ఇరవై మంది. ఈ ఆపిల్ తోట కొట్టంలో మిగిలింది నలభై ముగ్గురు.

"మేడమ్ ఓదీల్, ఈ నీలిపిట్టని మీరు నమ్ముతారా?"

"మా తమ్ముడి భార్య. పేరు జిస్లేన్. పెళ్ళయి ఏడాది అయింది. నేను మొహం కూడా చూడలేదు."

"మీ తమ్ముడు?"

"ఫిర్మేన్. పోయిన నెల కాల్చేశారట. ఆ కబురు కూడా ఆ అమ్మాయే పంపింది."

కెప్టెన్ నేల మీద బొగ్గుతో గీత గీశాడు. "ఇది ఏరు. ఇది వంతెన. పదకొండింటికి ముందు మేం దాటాలి. వెనకే సముద్రపు ఒడ్డు నుంచి పదాతి దళం ట్యాంకులతో వస్తోంది. మేం వంతెన మీద ఉండగా అది పేలిందనుకోండి, మేమూ ఉండం, ట్యాంకులకి దారీ ఉండదు. ఊళ్ళోవాళ్ళ గతి మీకు తెలుసు."

"నన్నేం చేయమంటారు?"

"మీ కళ్ళతో చూడండి. మనసుకి సరే అనిపిస్తే, మీ తమ్ముడి ఇంటి దండెం మీద తెల్ల దుప్పటి ఆరేయండి. ఇక్కడి నుంచి కనబడుతుంది. దుప్పటి కనబడితే దాటుతాం."

ఇంకో వస్తువు ఇచ్చాడు. అరచేతిలో ఇమిడే ఇత్తడి బిళ్ళ. నొక్కితే కీచురాయిలా టిక్కుమంటుంది. "ఒకసారి నొక్కండి. మావాడైతే రెండుసార్లు నొక్కుతాడు. రెండు వినబడకపోతే పరుగెత్తండి."

"ఈవిడకి పరుగు ఎందుకు సార్," అన్నాడు మూల కూర్చున్న సార్జెంట్ కోయెన్. "మొన్న విమానంలోంచి నా కన్నా ముందు దూకింది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను."

"నేనూ మూసుకునే దూకాను నాయనా," అంది ఓదీల్.

ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. ఆ ఊళ్ళోనే బట్టలు కుట్టేది. లండన్‌లో రెండేళ్ళు అన్నీ నేర్పారు. సంకేతాలు, వేషాలు, తాళాలు విప్పడం. భయపడకుండా ఉండటం మాత్రం నేర్పలేదు.

చాకలి బుట్టలో తెల్ల దుప్పటి మడతపెట్టుకుని, జేబులో తన పాత కుట్టు కత్తెర వేసుకుని, ఆమె వంతెన ఎక్కింది. తొంభై అడుగులు లెక్కపెట్టింది. రాళ్ళ మధ్య తీగ ఏదీ కనబడలేదు. అవతలి చివర ఉదయం పంపిన మనిషి బోర్లా పడి ఉన్నాడు. గుండు వీపులో తగిలింది. అంటే ఊరి వైపు వెళ్తున్నవాణ్ణి కాదు, తిరిగి వస్తున్నవాణ్ణి కాల్చారు. ఏదో చూసి వస్తున్నవాణ్ణి. అయినా ఆమె నడిచింది.

వీధుల్లో ఒక్క కిటికీ తెరిచి లేదు. తమ్ముడి ఇంటి తలుపు మాత్రం తెరిచే ఉంది. గడపలో నల్ల సిల్కు గౌను తొడుక్కుని ఒక అందమైన అమ్మాయి నిలబడింది.

"పుల్లటి ఆపిల్స్ ఉన్నాయా అమ్మాయ్?" అంది ఓదీల్. అది సంకేతం.

"నిరుటివి ఉన్నాయి," అంది ఆ అమ్మాయి. వెంటనే వచ్చి కావలించుకుంది. "వదినా! ఆయన రోజూ మీ మాటే చెప్పేవారు."

సెంటు వాసన గుప్పుమంది. ఊళ్ళో ఎనిమిది నెలలుగా సబ్బు బిళ్ళే దొరకడం లేదని లండన్‌లోనే విన్నది. ఓదీల్ ఆ సంగతి గమనించింది, కానీ అప్పటికే కళ్ళు తలుపు పక్కకి పోయాయి. ఫిర్మేన్ చెక్క బూట్లు అక్కడే ఉన్నాయి. రెండేళ్ళ కింద పాల బండెక్కి తెల్లవారుజామున వెళ్ళిపోయేటప్పుడు, నిద్రపోతున్న తమ్ముణ్ణి లేపకూడదు కాబట్టి, ఆ బూట్లని జతగా సర్ది వెళ్ళింది. అదే ఆమె చెప్పిన వీడ్కోలు. ఇప్పుడు ఒకటి వెల్లకిలా పడి ఉంది.

జిస్లేన్ వేయించిన బార్లీ కాఫీలో కాస్త ఆపిల్ బ్రాందీ పోసి ఇచ్చింది. "తాగండి వదినా. వణుకుతున్నారు."

"శవాన్ని ఎక్కడ పూడ్చారు?"

"ఇవ్వలేదు. వాళ్ళే తీసుకుపోయారు." కళ్ళు తుడుచుకుంది. గోడ గడియారం వైపు చూసింది. పదీ ముప్పావు. "పాపం ఆ కుర్రాళ్ళు ఎదురుచూస్తుంటారు. మీరు చెప్పిన ఆ దుప్పటి ఆరేద్దామా?"

"ముందు తేనెటీగలకి చెప్పాలి, ఇంటి మనిషి పోయాడని."

"నల్ల గుడ్డలు కట్టాను కదా వదినా. ఏడు పెట్టెలకీ కట్టాను. ఇక్కడి పద్ధతి నాకు తెలుసు."

"గుడ్డ కడితే సరిపోదమ్మా. రక్తం పంచుకున్నవాళ్ళు తట్టి చెప్పాలి. చెప్పకపోతే అవి ఇల్లు విడిచి పోతాయి. మా నాన్న పోయినప్పుడు నేనే చెప్పాను. రెండు నిమిషాలు."

జిస్లేన్ నవ్వు ఒక్క క్షణం ఆగింది. "కుడతాయేమో."

"నేను వాటికి తెలుసు."

ఓదీల్ మేకుకి వేలాడుతున్న ఇంటి తాళంచెవి తీసుకుని పెరట్లోకి నడిచింది. ఆపిల్ చెట్ల కింద ఏటి వైపుగా ఏడు చెక్క పెట్టెలు వరసగా ఉన్నాయి. నల్ల గుడ్డలు గాలికి ఊగుతున్నాయి. దూరంగా ఫిరంగుల మోత దగ్గరవుతోంది. మొదటి పెట్టె మీద తాళంచెవితో మూడుసార్లు తట్టింది.

"చిన్నతల్లులూ, మీ ఫిర్మేన్ పోయాడు. ఇకనుంచి నేనే మీదాన్ని. వెళ్ళిపోకండి."

లోపల్నుంచి జుమ్మని మోత లేచి, మెల్లగా అణిగింది. పలికాయి. రెండో పెట్టె పలికింది. మూడోది, నాలుగోది. అయిదు. ఆరు.

ఏడో పెట్టె మీద తట్టింది.

చప్పుడు లేదు.

మళ్ళీ తట్టింది. ఖాళీ కుండ మీద తట్టినట్టు ఉంది. వంగి చూసింది. గడ్డిలో చచ్చిన ఈగలు గుప్పెళ్ళకొద్దీ పడి ఉన్నాయి. గంధకం పొగ పెట్టిన కంపు. తేనెటీగలు పెంచే ఇంట్లో ఎవరూ ఈ పని చేయరు. ఆకలితో చస్తున్నా చేయరు.

మూత ఎత్తింది. లోపల తేనె పట్లు లేవు. ఒక నల్ల పెట్టె, దాని మీద పైకి లేపి ఉన్న పిడి. దాన్నుంచి రెండు తీగలు పెట్టె అడుగున దూరి, గడ్డి కిందుగా ఏటి వైపు పోతున్నాయి. వంతెనని పేల్చే యంత్రం.

ఓదీల్ వెనక్కి తిరిగింది. పెరటి దండెం మీద తెల్ల దుప్పటి రెపరెపలాడుతోంది. జిస్లేన్ బుట్టలోంచి తీసి ఆరేసింది. అవతలి ఒడ్డున హెల్మెట్లు కదిలాయి. ముందు ఇద్దరు, తర్వాత అయిదుగురు. కోయెన్ నడక ఇక్కడికే తెలుస్తోంది. వాళ్ళు వంతెన ఎక్కుతున్నారు.

అరవాలనుకుంది. ఫిరంగుల మోతలో అంత దూరం వినబడదు. జేబులో కత్తెర చేతికి తగిలింది. చెమటకి జారిపోయింది. మళ్ళీ పట్టుకుని ఒక తీగ మీద పెట్టి రెండు చేతులతో నొక్కింది. మందమైన ఉన్ని కోటు గుడ్డ కత్తిరించినంత కష్టమైంది. తెగింది. రెండోదాని మీద పెట్టేసరికి సెంటు వాసన వచ్చింది.

"పక్కకి జరుగు వదినా."

జిస్లేన్ చేతిలో చిన్న పిస్తోలు. గొంతులో ఏడుపు లేదు, ఆప్యాయత లేదు.

"నా తమ్ముణ్ణి నువ్వేనా..."

"జరుగు అన్నాను."

ఓదీల్ ఒక్క అడుగు జరిగింది. కత్తెరని గౌను మడతలో దాచుకుంది. కోసింది ఒక్కటే, రెండోది ఉండిపోయింది. నలభై ముగ్గురూ వంతెన మధ్యకి వచ్చేశారు. జిస్లేన్ వంగి, ఎడం చేత్తో పిడిని కిందికి అదిమింది.

ఓదీల్ కళ్ళు మూసుకుంది.

ఏరు పారుతున్న చప్పుడు. అంతకు మించి ఏమీ లేదు.

జిస్లేన్ పిడిని లాగి మళ్ళీ అదిమింది. మూడోసారి. ఒక్క తీగ తెగినా చాలని ఓదీల్‌కి అప్పటిదాకా తెలియదు. మూడోసారికి అర్థమైంది. పిస్తోలు తన వైపు తిరగడం కూడా కనబడింది. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆరో పెట్టెని రెండు చేతులా ఎత్తి ఆ అమ్మాయి కాళ్ళ మీదికి తోసేసింది.

పెట్టె పగిలింది. ఈగలు నల్లటి మేఘంలా లేచాయి. సెంటు పూసుకున్న మెడ మీద, చేతుల మీద వాలాయి. పిస్తోలు పేలింది కానీ గుండు ఆపిల్ కొమ్మని తాకింది. జిస్లేన్ అరుస్తూ కంచె వైపు పరుగెత్తింది.

ఓదీల్ గడ్డిలో కూలబడింది. కంచె అవతల అడుగుల చప్పుడు వినబడింది. జేబులో ఇత్తడి బిళ్ళ తగిలింది. ఒకసారి నొక్కింది.

నిశ్శబ్దం.

కంచె అవతల్నుంచి టిక్. టిక్.

"మేడమ్," అన్నాడు కోయెన్, కంచె మీంచి తల ఎత్తి. "ఉబ్బిన మొహంతో ఒకావిడ తనంతట తానే మా చేతుల్లో పడింది. మీ చుట్టమా?"

మధ్యాహ్నానికి ట్యాంకులు వంతెన దాటాయి. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మూడింటికి సిపాయిలు టౌన్ హాల్ నేలమాళిగ తాళం పగలగొట్టి ఒక మనిషిని పట్టుకుని తీసుకొచ్చారు. గడ్డం పెరిగింది, కాళ్ళకి బూట్లు లేవు. నెలరోజుల కింద జిస్లేన్ జర్మన్ల గూఢచారి అని కనిపెట్టినందుకు ఫిర్మేన్‌ని అక్కడ దాచారు. రేడియో సంకేతాలు చెప్పించుకోవడానికి ప్రాణాలతో ఉంచారు.

అతను పెరట్లోకి వచ్చి, నల్ల గుడ్డల వైపు చాలాసేపు చూశాడు.

"ఎవరు పోయారక్కా?"

"నువ్వే."

"వీటికి చెప్పేశావా?"

"ఆరు పెట్టెలకీ చెప్పాను."

అతను ఏడుస్తూనే నవ్వాడు. ఒక్కొక్క గుడ్డా విప్పుతూ, మిగిలిన ప్రతి పెట్టెకీ వంగి, "మా అక్క అబద్ధం చెప్పింది, నేనున్నాను," అని చెప్పుకుంటూ పోయాడు. ఏడో పెట్టె దగ్గర మాత్రం ఏమీ అనకుండా, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

రోడ్డు మీద ట్రక్కు హారన్ మోగింది. కెప్టెన్ చెయ్యి ఊపాడు. తర్వాతి ఊరు. తర్వాతి వంతెన. ఓదీల్ చప్పుడు కాకుండా బుట్ట తీసుకుని గేటు వైపు నడిచింది.

"అక్కా," అన్నాడు ఫిర్మేన్, వెనక్కి తిరగకుండానే. "పోయినసారి నిద్ర లేచేసరికి నువ్వు లేవు. ఈగలకి చెప్తావు గానీ, నాకు చెప్పవా?"

ఓదీల్ ఆగింది. వెనక్కి వచ్చింది. జేబులోంచి తాళంచెవి తీసి, తమ్ముడి భుజం మీద మూడుసార్లు తట్టింది.

"చిన్నోడా, మీ అక్క వెళ్తోంది. తిరిగొస్తుంది. నువ్వు ఎక్కడికీ వెళ్ళిపోకు."

ఫిర్మేన్ పలికాడు. ఆ పలికిన తిట్లు మాత్రం తేనెటీగల ముందు కూడా అనదగ్గవి కావు.