సూసన్ టీచరు గుండెజబ్బు

శుక్రవారం పొద్దున్నే సూసన్ నీళ్ల బిందె ఎత్తబోతుంటే అత్తగారు ఆరోగ్యమ్మ గబగబా వచ్చి బిందె లాగేసుకుంది.

"నువ్వు బరువులెత్తకూడదే అమ్మాయ్. వదులు. నేనింకా బతికే ఉన్నాగా!"

మోకాళ్ల నొప్పులతో మంచం దిగడానికే మూలిగే మనిషి, నిండు బిందె చంకనెత్తుకుని వంటింట్లోకి పోతుంటే సూసన్ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. అడక్కుండానే రాగిజావ కాచి మంచం దగ్గరికి తెచ్చింది అత్తగారు. పక్కింటి బేబి దానిమ్మకాయలు పట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి జాలిగా చూసి, "ధైర్యంగా ఉండండి టీచరుగారూ" అని వెళ్లింది. ఎందుకు ధైర్యంగా ఉండాలో మాత్రం చెప్పలేదు.

భర్త డేవిడ్‌రాజు అప్పటికే చందర్లపాడు బస్సెక్కి తన హైస్కూలుకి వెళ్లిపోయాడు. సూసన్ పనిచేసే ప్రైమరీ స్కూలు నందిగామలోనే కాబట్టి ఆమెకి కాస్త వ్యవధి ఉంది. జడ వేసుకుంటుంటే ఫోను మోగింది. హైదరాబాదు నుంచి భవానీప్రసాద్. కొండలెక్కేవాళ్లని జట్టుగా కట్టి హిమాలయాలకు తీసుకెళ్లే మనిషి.

"ఇప్పుడెలా ఉందండీ మేడమ్ ఒంట్లో?"

"నాకేమండీ, బాగానే ఉన్నా."

"అయ్యో, దాచకండి. సార్ నిన్న ఫోన్ చేసి చెప్పారు. మీ గుండెలో ఏదో తేడా ఉందటగా. మీరు లేకుండా ఆయనా రానన్నారు. ఇద్దరి పేర్లూ తీసేయమన్నారు. ఒకసారి పలకరిద్దామని చేశా."

సూసన్ చేతిలో దువ్వెన అక్కడే ఆగిపోయింది. బిందె, జావ, దానిమ్మకాయలు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

గుండెలో తేడా! ఎవరి గుండెలో?

ఆ కొండ మోజు డేవిడ్‌రాజుది. ఆర్నెల్ల కిందట ఒక ఆదివారం పేపర్లో లదాఖ్‌లోని స్టోక్ కాంగ్రి గురించి చదివాడు. గోడెక్కినట్టు ఎక్కాల్సిన కొండ కాదు, దారి తెలిసినవాడు వెంట ఉంటే నడిచి ఎక్కగలిగిందే. కాకపోతే ఇరవై వేల అడుగుల ఎత్తు, అక్కడ గాలి పలచన. ఇంకేం, ఆగస్టు జట్టులో తన పేరు రాయించాడు. "నువ్వు రాకపోతే నా మేజోళ్లెవరు వెతుకుతారు?" అంటూ భార్య పేరూ రాయించాడు. అప్పట్నుంచీ రోజూ తెల్లారగట్లే ఊరవతల క్వారీ గుట్ట ఎక్కడం మొదలైంది. వీపున సంచీలో బియ్యం వేసుకుని మరీ ఎక్కేవాళ్లు. విజయవాడలో బూట్లు కొన్నారు, ఉన్ని బట్టలు కొన్నారు, సెలవులు మంజూరు చేయించుకున్నారు. జగ్గయ్యపేటలో ఉపాధ్యాయుల సమావేశం పెట్టి డేవిడ్‌రాజుకి శాలువా కప్పారు. సూసన్ రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆ గుట్ట మీద ఆమెకి మాత్రం ఒక సంగతి తెలిసింది. తన కాళ్లకి కొండంటే ఇష్టం. నలభై దాటాక, ఇద్దరు పిల్లల్ని కని హాస్టళ్లకి పంపాక, తన ఒంట్లో ఇంత ఊపిరి ఉందని తెలియడం ఆమెకే విడ్డూరంగా అనిపించింది. ఇన్నేళ్లూ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించిన హిమాలయాలను కళ్లారా చూడాలన్న ఆశ ఆమెలో ఎంత గట్టిపడిందో ఎవరికీ చెప్పుకోలేదు.

మొన్న సోమవారం విజయవాడ వెళ్లి ఇద్దరూ వైద్య పరీక్ష చేయించుకున్నారు. డేవిడ్‌రాజుని యంత్రం మీద నడిపించిన డాక్టరమ్మ సగంలోనే ఆపేసింది. రక్తపోటు హద్దు మీరింది, ఈ ఏడు కొండ మాటే ఎత్తొద్దంది. సూసన్ రిపోర్టు చూసి, "మీరు నిశ్చింతగా వెళ్లొచ్చండీ" అంది. తిరుగు బస్సులో అతను నోరు మెదపలేదు. బాధలో ఉన్న మనిషిని కదిలించకూడదని సూసన్ కూడా ఓపిక పట్టింది. ఆ ఓపికకి దక్కిన బహుమానం ఇదన్నమాట!

"భవానీప్రసాద్‌గారూ, నా గుండె గుండ్రాయిలా ఉంది. నా పేరు తీయకండి. నేనొస్తున్నా."

"సార్ ఒక్క మాట చెప్తే బాగుంటుంది మేడమ్."

"నా గుండె సంగతి నేను చెప్తే చాలదా అండీ?"

"అది కాదండీ. రేపు అక్కడ ఏదన్నా అయితే, భర్త వద్దన్న మనిషిని తీసుకెళ్లావని నా పీక పట్టుకుంటారు. ఆదివారం సాయంత్రం దాకా మీ చోటు ఎవరికీ ఇవ్వను. ఈలోగా సార్ చేత చెప్పించండి."

ఆ రోజు స్కూల్లో సూసన్ ఏ పాఠం చెప్పిందో ఆమెకే తెలియదు. హెడ్‌మాస్టరు బసవయ్యగారు కుర్చీ జరిపి మరీ కూర్చోమన్నాడు. తోటి టీచర్లు మెట్లెక్కనివ్వలేదు. వాళ్లు జాలి చూపించే కొద్దీ ఆమె ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం డేవిడ్‌రాజు చెప్పులు విప్పుతుండగానే ఎదురొచ్చి నిలబడింది.

"ఏమండీ, నా గుండెకేమైందంట?"

అతను తలెత్తలేదు. "ఎవరు చెప్పారు?"

"ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇంట్లో ఉన్న నాకే ఆఖర్న తెలిసింది."

"ఏదో ఒకటి చెప్పాలి కదే. శాలువా కప్పించుకున్నవాణ్ణి. ఎందుకాగావని అందరూ అడుగుతుంటే, నేను బీపీ మనిషినని చెప్పుకోనా?"

"అందుకని మీరు మింగాల్సిన బిళ్ల నా నోట్లో కుక్కారా?"

"మెల్లగా! అమ్మ వింటది."

"వినాలి! ఆవిడ మోకాళ్లు పట్టుకుని నా బదులు బిందెలు మోస్తోంది. ఆవిడతో కూడా అబద్ధమేనా? నా పేరు రాయించేటప్పుడు నన్నడగలేదు. కొట్టేయించేటప్పుడూ అడగలేదు. నేనేమన్నా మీ సంచీలో సామానునా?"

డేవిడ్‌రాజు ముఖం కందిపోయింది. తప్పు దొరికిన మనిషికి కోపమే ముందొస్తుంది కదా, అతనికీ అదే వచ్చింది.

"నేనన్నదాంట్లో పూర్తి అబద్ధమేముంది? గుట్టెక్కేటప్పుడు నీకు ఆయాసం వచ్చేది కాదూ? రోజూ సగం దారిలో చతికిలబడేదానివి కాదూ?"

సూసన్ ఒక అడుగు ముందుకేసింది.

"అది మీ కోసం తెచ్చుకున్న ఆయాసమండీ! మీరు రొప్పుతూ వెనకబడేవాళ్లు. ఆగమంటే చిన్నబుచ్చుకుంటారని నేనే ముందు కూర్చునేదాన్ని. అమ్మో నావల్ల కాదు అని నేననేదాన్ని. మీరేమో పక్కన కూర్చుని నాకు ధైర్యం చెప్పేవాళ్లు."

వంటింటి గుమ్మంలో ఆరోగ్యమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. డేవిడ్‌రాజు విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

"నేను ఫోన్ చెయ్యను. నేను లేకుండా నిన్ను కొండలకి పంపేది లేదు" అనేసి వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆరోగ్యమ్మ కోడలి భుజం మీద చెయ్యేసింది. "పోనీలేవే. మగాడు, నలుగుర్లో చిన్నతనమని అట్టా అన్నాడు."

"మరి లేని జబ్బు అంటగట్టించుకోవడం నాకు చిన్నతనం కాదా అత్తమ్మా?"

పెద్దామె గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. శనివారమంతా ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

ఆదివారం గుడిలో ఆడవాళ్లంతా సూసన్‌కి గోడవారగా, ఆనుకోవడానికి వీలుగా చోటిచ్చారు. పాస్టరు సొలొమోను అయ్యగారు వాక్యం ముగించి ప్రార్థన విన్నపాలు చదివాడు. "మన సహోదరి సూసన్ టీచరమ్మగారి బలహీనమైన గుండెను ప్రభువు ముట్టి బాగుచెయ్యాలని అందరం భారంగా ప్రార్థిద్దాం" అన్నాడు. వెనక ఎవరో పెద్దామె వెక్కివెక్కి ఏడ్చింది. దేవుడి ముందు కూడా తన గుండె జబ్బుదైపోయింది! ఆ మాట ఊళ్లో విన్నప్పుడు కోపమొచ్చింది గానీ, ఇక్కడ విన్నాక సూసన్ గోడకి ఆనిన వీపు తీసేసి నిటారుగా కూర్చుంది.

సాక్ష్యాల వేళ వచ్చింది. ఎవరైనా లేచి, తమకు జరిగిన మేలు సంఘం ముందు చెప్పుకోవచ్చు. సూసన్ లేచి నిలబడింది. ఆరోగ్యమ్మ కోడలి కొంగు పట్టుకుని లాగబోయి, ఎందుకో వదిలేసింది.

"నా గుండెకి..." అని మొదలుపెట్టింది సూసన్. రెండు రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. మగవాళ్లు కూర్చున్న చాపల వైపు చూసింది. డేవిడ్‌రాజు తల మోకాళ్ల మధ్యకి వాలిపోయి ఉంది. ఈ ఒక్కమాటతో అతని పరువు చాపల మీద పడుతుందని ఆమెకి తెలుసు. అయినా చెప్పడానికే నోరు తెరిచింది.

"అయ్యగారూ!" డేవిడ్‌రాజు లేచాడు. "ఆవిణ్ణి కూర్చోమనండి. ఈ సాక్ష్యం నేను చెప్పాల్సింది."

గుడంతా అతని వైపు తిరిగింది.

"ఆవిడ గుండెకేం కాలేదండీ. పరీక్షలో తప్పింది నేను. నాకు బీపీ. చెప్పుకోవడానికి నామోషీ అయి ఆవిడ పేరు చెప్పా. ఆర్నెల్లు నేను నొచ్చుకోకూడదని, లేని ఆయాసం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. నేనేమో దాన్నే జబ్బని ఊరంతా చాటా. ఆవిడ ఒక్కతే పైకి పోతుంటే నేను కింద మిగిలిపోతానని కడుపుమంటండీ. అంతకుమించి ఏం లేదు."

అతను కళ్లు తుడుచుకుని ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"భవానీప్రసాద్‌గారికి ఫోన్ చేసి..." అనబోయి మాట మార్చుకున్నాడు. "నీకు పోవాలనుందా సూసన్?"

తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియలేదు. కోపం మాత్రం అక్కడే ఉంది, దాని పక్కనే ఏడుపూ వచ్చింది.

"ఉంది. చాలా ఉంది" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

సొలొమోను అయ్యగారు చేతిలో విన్నపాల కాగితం వంక అయోమయంగా చూసుకున్నాడు. "మరి ఈ ప్రార్థన... ఎవరికి చెయ్యమంటారమ్మా ఇప్పుడు?"

ఆరోగ్యమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఇద్దరికీ చెయ్యండయ్యా. వాడి గుండెకీ, దాని కాళ్లకీ."