ప్రింటర్ డ్రైవర్లు అనే ఫోల్డరు

మంగళవారం రాత్రి తొమ్మిదీ నలభైకి న్యార్కో బ్రష్షు మీద పేస్టు వేసుకుని కొళాయి దగ్గరికి బయల్దేరాడు.

కొళాయి వాకిలి అవతలి కొసన ఉంది. అక్కడికి పోవాలంటే చివరి గది ముందు నుంచి నడవాలి. కుమాసీ నగరంలో, తాఫో పేటలోని ఆ ఇంట్లో ఆరు కుటుంబాలు అద్దెకుంటున్నాయి. చీకటి పడ్డాక ఆ గది ముందు నడిచేవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. నీళ్లు సాయంత్రమే పట్టిపెట్టుకునేవాళ్లు.

ఆ గదిలో ఇంటి యజమాని, న్యార్కో మేనమామ ఆంపాబెంగ్ చనిపోయి ముప్పై ఆరు రోజులైంది. వరండా తలుపుకి తాళం. లోపల ఓ మంచం, ఓ కంప్యూటరు. అయినా రాత్రిళ్లు లోపల ఎవరో దగ్గుతున్నారని అందరూ చెప్పుకునేవారు.

"మీ మామయ్యకి అక్కడికెళ్లినా దగ్గు తగ్గలేదయ్యా. మందేదో నువ్వే పంపించు. ఇల్లు నీకేగా వస్తోంది," అంది మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్దలు అమ్మే ఫోసువా, ఆ పొద్దున్నే. అందరూ నవ్వారు. న్యార్కో కూడా నవ్వాడు.

ఇల్లు అతనికే వస్తుంది. అక్కడ మేనమామ ఆస్తి మేనల్లుడిది. శనివారం నలభయ్యో రోజు. పెద్దలు కూర్చుని తాళాలు చేతిలో పెడతారు. అత్తయ్యా, ఆమె కూతురు సెర్వా నెలాఖరుకి ఖాళీ చేసి పోవాలి.

పోయేవాడు చివరి మాటగా ఇంకోలా చెబితే మాత్రం ఆ మాటే చెల్లుతుంది.

ఆంపాబెంగ్ చెప్పాడు... ఆ రాత్రి పక్కన న్యార్కో ఒక్కడే ఉన్నాడు. సాక్షుల్ని పిలిచే వ్యవధి లేదు, కంప్యూటరు పెట్టరా అన్నాడు. మైకు ముందు ఆరు నిమిషాలు మాట్లాడాడు. ఇల్లు భార్యకీ, కూతురికీ.

న్యార్కో తెర ఆపేసి వాకిట్లోకొచ్చాడు. చాలాసేపు స్నేహితుడితో ఫోన్‌లో మాట్లాడాడు. తిరిగి వెళ్లేసరికి మామయ్య లేడు.

వచ్చినవాళ్లు మొదట అడిగింది ఒక్కటే — గొంతులో నీళ్లు పోశావా అని. పోయేవాడు పూర్వీకుల దగ్గరికి కొండ ఎక్కి వెళ్లాలని వాళ్ల నమ్మకం. గొంతు తడపకుండా ఎవర్నీ పంపరు.

"మూడు చెంచాలు పోశాను," అన్నాడు న్యార్కో.

తెల్లారేలోగా ఆ రికార్డింగుని, వినకుండానే, ఓ ఫోల్డరులో వేశాడు. దానికి 'ప్రింటర్ డ్రైవర్లు' అని పేరు పెట్టాడు. ఎవరికీ తెరవాలనిపించని పేరు. ప్రాపర్టీస్‌లో 'హిడెన్' దగ్గర టిక్కు పెట్టాడు. ఫోల్డరు కళ్లముందే మాయమైంది. చెరిపెయ్యడానికి మాత్రం చెయ్యాడలేదు. మామయ్య గొంతు కదా.

ఇప్పుడు ఆ తలుపు ముందుకొచ్చాడు. తలుపు కింద వెలుగు లేదు. తాళం తాళంలాగే ఉంది.

లోపల దగ్గు.

నిలబడిపోయాడు. పైపు అయ్యుంటుంది... పిల్లి అయ్యుంటుంది...

"న్యార్కో."

మామయ్య గొంతు. బాగా సన్నగా, పక్క మీంచి లేవలేనివాడి గొంతు —

"నీళ్లు... న్యార్కో... కాసిని నీళ్లు."

రికార్డింగులో ఏముందో న్యార్కోకి తెలుసు. ఆ ఆరు నిమిషాలూ అతను ఎదురుగా కూర్చునే విన్నాడు. ఇల్లుంది, భార్య పేరుంది, కూతురి పేరుంది. నీళ్ల మాట లేదు. మామయ్య ఆ మాట బతికుండగా అనలేదు.

బ్రష్షు ఎక్కడ పడిందో చూసుకోలేదు.

శనివారం పెద్దలు తాళాలగుత్తి తీసేలోపే న్యార్కో లేచాడు. కంప్యూటరు వాకిట్లోకి తెప్పించి, టిక్కు తీసి, ఫోల్డరు తెరిచాడు. ఆరు నిమిషాలయ్యాక కుటుంబ పెద్ద చెయ్యెత్తి, చాలు, ఆపమన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మీ మామయ్య నిన్ను ఊరికే వదల్లేదురా," అన్నాడు.

తలుపు దగ్గర విన్నది న్యార్కో చెప్పాడు. చెంచాల సంగతి చెప్పలేదు. తాళాలు అత్తయ్య చేతికి వెళ్లాయి. ఆ రాత్రి నుంచి దగ్గు లేదు. అద్దెవాళ్లు మళ్లీ రాత్రిపూట కొళాయి దగ్గర బారులు తీరారు.

తొమ్మిది రోజుల తర్వాత బట్టలు ఆరేస్తూ సెర్వా, తలెత్తకుండా, ఆ గదిలో ఉన్నది తనేనంది. వాళ్లమ్మ గది వైపు తలుపులోంచి వెళ్లి, తెర ఆపి, చీకట్లో వినేదట. కర్మకి కట్టే బ్యానరు కోసం నాన్న ఫొటో వెతుకుతుంటే, దాచినవి కూడా కనిపించేలా పెట్టి చూడమని ఫొటో షాపతను చెప్పాడట.

"ఈ ఇంట్లో ప్రింటరెక్కడిది బావా? అందుకే తెరిచాను."

"మరి... అప్పుడే పెద్దలకి చెప్పలేదేం?"

"నువ్వే తీస్తావేమోనని చూశాను."

"నీళ్లు అడగడం... అది అందులో లేదు సెర్వా. ఆరు నిమిషాలే."

సెర్వా చేతిలోని తడి బట్ట దులిపి తీగ మీద వేసింది. అప్పుడు అతని వైపు చూసింది.

"నువ్వు ఆపింది తెర ఒక్కటే. గంట నిండి దానంతటదే ఆగేదాకా రికార్డవుతూనే ఉంది. పెద్దలు ఆరో నిమిషంలో ఆపించేశారు కాబట్టి సరిపోయింది. పదిహేడో నిమిషంలో నాన్న నిన్ను పిలుస్తాడు. ఇరవై రెండులో పిలుస్తాడు. నలభై ఒకటిలో పిలుస్తాడు, ఇక పిలవడు. మూడుసార్లూ వెనకాల, వాకిట్లోంచి, నువ్వు ఫోన్‌లో నవ్వుతుండటం వినిపిస్తుంది."