పచ్చరంగు కింద నల్లమట్టి

మ్యాపుల గదిలోకి మట్టి డబ్బాతో ఎవరైనా వస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. వచ్చిన అమ్మాయి దాన్ని తిన్నగా తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది.

"నదికి ఎగువన అడవి పెరిగిందని రిపోర్టు రాసింది మీరేనా?"

"నేనే. ఏం?"

"మీ తలకాయ! అది అడవి కాదు."

అతను కీబోర్డు మీంచి చేతులు తీశాడు. నది పొడవునా ఎక్కడ అడవి పోయింది, ఎక్కడ పొలం వచ్చింది, నేల ఎంత కార్బన్ దాచుకుంది, గాల్లోకి ఎంత వదిలింది అని రెండేళ్లుగా శాటిలైట్ ఫొటోలు చూసి లెక్క కడుతున్నాడు. ఇంతవరకూ ఎవరూ అతని తలకాయ జోలికి రాలేదు.

మట్టి పరీక్షలు చేసే ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. "పైనుంచి పచ్చగానే కనిపిస్తుందండీ. ఒకప్పుడది చిత్తడి నేల. కాలువలు తవ్వి, నీళ్లు బయటికి పంపేసి చెట్లు నాటారు. వేల ఏళ్లుగా నీళ్లలో నానుతూ కుళ్లకుండా ఉన్న ఆకులూ వేళ్లూ ఈ నల్లమట్టిలో ఉన్నాయి. ఇప్పుడు నేల ఎండి, గాలి తగిలి, ఆ కార్బనంతా పైకి పోతోంది. చెట్లు గుక్కెడు తాగుతుంటే నేల బిందెడు కక్కుతోంది!"

సాయంత్రానికల్లా అతని లెక్క తలకిందులైంది. కార్బన్ దాచుకుంటోందనుకున్న నేల నిజానికి వదిలేస్తోంది. అంతకంటే పెద్ద షాకేమిటంటే, మర్నాడు ఆ అమ్మాయి తిట్లు వినబడక అతనికి పని సాగలేదు.

రెండు నెలలు కలిసి రిపోర్టు సవరించారు. ఓ వాన రోజు ఒకే గొడుగు కింద నడుస్తూ అతను మనసులో మాట చెప్పేశాడు.

"ఊ అంటాను గానీ, ముందు మా నాన్నను కలవండి," అంది. ఎప్పుడూ గలగలలాడే మనిషి ఆ మాట మాత్రం భయంగా అంది.

ఆదివారం వాళ్ల హాల్లో అడుగుపెట్టగానే అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గోడ మీద తన పాత రిపోర్టులోని మ్యాపు, ఫ్రేము కట్టి! ఎగువనున్న పచ్చటి ముక్క చుట్టూ ఎర్రపెన్నుతో గీత.

"ఇదంతా మన తోటే బాబూ!" అన్నాడు వాళ్ల నాన్న, మురిసిపోతూ. "ఇరవై ఏళ్ల కష్టం. ఈ మ్యాపు గీసినవాడెవడో గానీ, కనిపిస్తే కావలించుకుంటాను."

మ్యాపుల్లో ఎవరి భూమో రాసి ఉండదు. అతను ఆమె వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. కన్నతండ్రి తోటలోని మట్టినే తెచ్చి తన ముందు పెట్టిందా!

సవరించిన రిపోర్టు ఇంకా బయటికి రాలేదు. ఇప్పుడు నవ్వి ఊరుకుంటే పెళ్లి ఖాయం. నోరు విప్పితే గుమ్మం దాటాల్సిందే.

"గీసింది నేనేనండీ," అన్నాడు. "కానీ అది తప్పు."

తడబడుతూనే మొత్తం చెప్పాడు. పెద్దాయన మొహం పాలిపోయింది. కూతురి వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"ఆ మట్టి తీసింది నేనే నాన్నా. నీ సంతోషం చూసి చెప్పలేకపోయాను." ఆమె ఏడ్చేసింది.

ఆయన మ్యాపు కిందికి దించి, ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మంచి చేస్తున్నాననుకున్నానే," అన్నాడు. కాసేపటికి, "దీనికి మందు లేదా?" అని అడిగాడు.

"కాలువలు పూడ్చేస్తే మళ్లీ నీళ్లు నిలుస్తాయి. కార్బన్ పోవడం తగ్గుతుంది. కానీ చెట్లు చాలావరకు చచ్చిపోతాయండీ," అన్నాడతను.

"నలభై మూడు కాలువలు. దగ్గరుండి తవ్వించాను." పెద్దాయన లేచి నిలబడ్డాడు. అతను చెప్పులు వెతుక్కోబోయాడు.

"ఎక్కడికి? కూతురు దాచిన మాట మొహం మీదే చెప్పావు. అలాంటివాణ్ణి వదులుకుంటానా! రేపు పొద్దున్నే పార పట్టుకుని రా, అల్లుడూ."



ఆమె కళ్లు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది. "నాకూ ఒక పార కావాలి నాన్నా," అంది.