ఆష్‌బర్న్ నల్ల కొండచిలువ

ఉదయం 9.10. ఆష్‌బర్న్‌లో చక్రపాణి ఇంటి బేస్‌మెంట్.

అద్దాల పెట్టె ఖాళీగా ఉంది. పదడుగుల ఆడ కొండచిలువ మాయం.

"తల నుంచి తోక దాకా నలుపే, మేడమ్. నా బ్రీడింగ్‌లో పుట్టిన మార్ఫ్, అంటే అరుదైన రంగు రకం. ఇంకెవరి దగ్గరా లేదు. శనివారం బయ్యర్ వస్తున్నాడు. ఈ టెనెంట్‌గాడే కొట్టేశాడు," అన్నాడు చక్రపాణి డిటెక్టివ్ భానుమతితో.

టెనెంట్ రవి గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్‌-1బి వీసా. అరెస్టయితే రెండూ పోతాయి.

"అన్నా, పామంటేనే నాకు చలిజ్వరం. నేనెట్ల ఎత్తుకపోతా?"

"నోర్ముయ్. బేస్‌మెంట్ తాళం నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరుంది?"

"మీ దగ్గర," అంది మెట్ల మీద నుంచి అతని భార్య ఉమామహేశ్వరి.

భానుమతి చెయ్యి చాచింది. "ఆఖరి ఫొటో?"

చక్రపాణి ఫోన్ చూపించాడు. ఫొటో నిన్న సాయంత్రంది. పాము కళ్లు పాలు పోసినట్టున్నాయి.

"కుబుసం విడవబోతోందా?"

"అవును. రెండు మూడు రోజుల్లో."

"నీళ్ల తొట్టిలో నానిందా?"

"కుబుసానికి ముందు అన్నీ నానుతాయి. వింతేముంది?"

భానుమతి పెట్టెలోని తొట్టి అంచును తెల్ల పేపర్ టవల్‌తో తుడిచింది. నల్లగా అంటింది. వాసన చూసింది. పళ్లు కొరికింది.

"ముందొచ్చిన మా ఆఫీసర్లు మురికనుకున్నారు. పుట్టుకతో వచ్చిన నలుపు నీళ్లలో దిగదయ్యా. ఇది తలకేసుకునే డై. కుబుసంతో పాటు రంగూ ఊడుతుంది. బయ్యర్ ముందు గుట్టు రట్టవుతుంది. అందుకని పామును దాచి, నింద ఈ కుర్రాడి నెత్తిన రుద్దావు."

"ప్రూఫ్ ఏది?"

"గ్యారేజ్‌లో ఆ పెద్ద ప్లాస్టిక్ డబ్బా ముట్టుకోవద్దని రాత్రి నా మీద అరిచింది అందుకా?" ఉమామహేశ్వరి విసురుగా పైకెళ్లింది. డబ్బా మూత తీసిన చప్పుడు. తర్వాత ఆమె కేక.

అందరూ పైకి పరుగెత్తారు. డబ్బాలో పాము కదల్లేక పడుంది. నల్ల తోలు పెళ్లలుగా లేచింది. కింద మామూలు గోధుమరంగు మచ్చలు. వాటి మధ్య పుళ్లు.

"సేఫ్ అని ప్యాకెట్ మీద ఉంది," గొణిగాడు చక్రపాణి.

"మనిషి తలకి. నోరు లేని దాని ఒంటికి కాదు." భానుమతి బేడీలు తీసింది. "తప్పుడు కంప్లైంట్, జంతుహింస. చేతులు వెనక్కి పెట్టు. రవీ, నీ మీద కేసు లేదు. వెట్ డాక్టర్ వచ్చేదాకా ఇక్కడే ఉండు."

చక్రపాణి గొంతు దిగింది. "రవీ, నువ్వైనా చెప్పు తమ్ముడూ. నేనలాంటివాణ్ణా?"

రవి పాము మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడు తమ్ముడినైతినా? పొద్దున దొంగనుంటిని."