కారం తగ్గిన గుంటూరు

నాచారంలో అద్దెకు దిగిన మొదటి రోజే ఉమాపతి ఇంటివాళ్లతో గొడవ పెట్టుకున్నాడు. కావాలని పెట్టుకోలేదు పాపం, నోరు జారింది.

ఇంటి ఓనరు బసవరాజుకు ఉప్పల్ రోడ్డులో ఎకరం మిరపతోట ఉంది. ఆ కాయలతో ఆయన భార్య శాంతాబాయి తొక్కు నూరి, కొత్తగా దిగిన సారుకు గిన్నెడు పంపించింది. తెచ్చింది కూతురు సూర్యకళ. బీఎస్సీ రెండో ఏడు, రెండు జడలు, ముక్కు మీద కోపం. ఉమాపతిది గుంటూరు దగ్గర పల్లె. ఇక్కడి ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. ఒక ముద్ద తిని తీరుబడిగా అన్నాడు.

"బాగుందండీ. కాస్త కారం కూడా ఉంటే ఇంకా బాగుండేది."

సూర్యకళ గిన్నె వెనక్కి లాక్కుంది.

"ఏందీ? మా తోట కాయకు కారం లేదా?"

"అబ్బే, అలా అని కాదండీ. మా గుంటూరు కాయ తిన్న నోటికి..."

"గట్లనా! అయితె మీ గుంటూరు కాయ జర మాకు గూడ సూపెట్టుండ్రి. బావి పక్కన ఖాళీ జాగ ఉంది. ఇత్తనాలు తెప్పిచ్చి పెంచుండ్రి. అప్పటిదాంక మీకు తొక్కు బంద్!"

గిన్నెతో సహా విసవిసా వెళ్లిపోయింది. ఆ పూట మన ఉమాపతి ఉత్త మజ్జిగన్నం తిన్నాడు. అయినా రాత్రంతా నవ్వుకుంటూనే ఉన్నాడు. కుర్రవాడి పని అప్పుడే అయిపోయిందన్నమాట.

ఊరి నుంచి విత్తనాలు వచ్చాయి. నారు పోశాడు, మడి కట్టాడు, మొక్కలు నాటాడు. ఇక నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

సూర్యకళ పొద్దున బిందె పట్టుకుని బావి దగ్గరికి వచ్చేది. సాయంత్రం బట్టలు ఉతకడానికి వచ్చేది. గిలక చప్పుడు వినపడటం ఆలస్యం, ఉమాపతికి మొక్కల దాహం గుర్తొచ్చేది. చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఆమె ఊరికే కాళ్లు కడుక్కోవడానికి వచ్చినా మొక్కలకు దాహమే.

"బతికినయా సారూ మీ మొక్కలు?"

"బతకడమేమిటండీ, పూత మీదున్నాయి. ఎంత పచ్చగా ఉన్నాయో చూడండి!"

"ఆఁ, మస్తు పచ్చగున్నయి" అని ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకునేది. ఆ నవ్వెందుకో అతనికి తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. అది చూడటానికి బావి మొత్తం తోడి పోయమన్నా పోసేలా ఉన్నాడు.

ఒకరోజు ముసురు పట్టింది. గిలక చప్పుడైంది. ఉమాపతి ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చెంబు పట్టుకుని మడి దగ్గర హాజరయ్యాడు.

"వాన పడుతుంటె నీళ్లు పోస్తున్నరేంది?"

"వాన నీళ్లు వేరు, బావి నీళ్లు వేరండీ. సైన్సు చదువుతున్నారు, ఆ మాత్రం తెలియదా?"

సూర్యకళ బిందె కింద పెట్టి మరీ నవ్వింది. అతను గొడుగు ఆమె మీదికి పట్టాడు. చినుకులకు తను తడుస్తున్నానన్న సంగతి తుమ్ము వచ్చేదాకా గుర్తులేదు.

కాయలు పండి ఎర్రబడ్డాయి. కోసి చాటలో పోసి వరండాలో ఎండబెట్టాడు. ఎండాక, ఎవరూ లేని సమయం చూసి ఒకటి కొరికాడు.

బెండకాయ ఒరుగు తిన్నట్టుంది!

ఇంకోటి కొరికాడు. అదీ అంతే. గుంటూరు పరువు నాచారంలో నీళ్లపాలైందని కుర్రవాడు తల పట్టుకున్నాడు. సూర్యకళ "పందెం సంగతేంది సారూ?" అని ఎప్పుడడిగినా "ఇంకా ఎండాలండీ" అని తప్పించుకోవడం మొదలుపెట్టాడు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆమె బావి దగ్గర నిలబడి, చేద వైపు చూస్తూ చెప్పింది.

"రేపు నన్ను సూడనీకి వస్తున్రు. సికింద్రాబాద్ల రైల్వే ఉద్యోగమట."

ఉమాపతి చెంబు కింద పెట్టాడు. ఏదో ఒకటి అనాలి. అనాల్సింది ఏమిటో తెలుసు. ధైర్యమే లేదు.

"ఓహో... మంచిదే కదండీ" అన్నాడు.

సూర్యకళ చేదను బావిలోకి ధభీమని వదిలింది.

"మంచిదే! మీరు మీ మొక్కలకు నీళ్లు పోసుకుంట కూసోండ్రి!"

మర్నాడు వాళ్లొచ్చారు, బూరెలు తిన్నారు, పిల్ల నచ్చిందని చెప్పి వెళ్లారు. ఇంటినిండా సంతోషం. వరండాలో చాటకు అటు తిరిగి కూర్చున్న ఉమాపతి మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

"దినమంత మందిల కూసున్నది నా బిడ్డ. దిష్టి తీస్త. జర ఎండు మిర్పకాయలు తే కళా" అంది శాంతాబాయి.

సూర్యకళ కాయలు తెచ్చింది. తల్లి అందులో గుప్పెడు తీసుకుని, ఉప్పు కలిపి, కూతురి చుట్టూ తిప్పి కుంపట్లో వేసింది. బసవరాజు ముందుజాగ్రత్తగా కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

పొగ లేచింది. ఎవరికీ దగ్గు రాలేదు. బసవరాజు కండువా తీసి మళ్లీ వాసన చూశాడు.

"అయ్యో, ఘాటు రాలె!" శాంతాబాయి గుండెలు బాదుకుంది. మిరపకాయ కాలినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. "ఎవరి పాడు కండ్లు పడ్డయో నా బిడ్డ మీద!"

"ఆ పిలగానియే అమ్మా" అంది సూర్యకళ వెంటనే. "ఆయన అట్ల సూడంగనే నాకు తలనొప్పి లేసింది. నాకీ సంబంధం వద్దు."

"ఆ పిలగాడా? ఆయన బూరెల పల్లెంల కెల్లి తల లేపితె గదా నిన్ను సూసుడు! నిన్ను దినాం కండ్లార్పకుంట సూసేటోడు ఈ ఇంట్ల ఒక్కడే ఉన్నడు!"

శాంతాబాయి వేలు తిన్నగా వరండా వైపు తిరిగింది. సూర్యకళ మొహంలో రంగు మారింది.

బసవరాజు గుమ్మంలోకి వచ్చాడు. "ఏం సారూ, నిజమేనా?"

ఉమాపతి లేచి నిలబడ్డాడు. సూర్యకళ చేతిలో మిగిలిన కాయలు కనిపించాయి. అవి తన కాయలు. కడుపున పుట్టిన పిల్లల్లా పెంచినవాడు, గుర్తుపట్టడా? ఇంట్లో బస్తాడు మిర్చి పెట్టుకుని ఈ పిల్ల తన చాటలోవి తెచ్చింది. అంటే కావాలనే తెచ్చింది. అంటే ఆ సంబంధం ఇష్టం లేదు! అతనికి ఆ వరండాలోనే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

'అవి నా కాయలు, వాటికి కారం లేదు' అంటే చాలు, తను బయటపడతాడు. కానీ ఆమె దొరికిపోతుంది.

"తప్పు నా కళ్లదేనండీ" అన్నాడు. "రేపు పొద్దున్నే రూం ఖాళీ చేస్తాను."

అంతే, సూర్యకళ చేతిలో ఉన్న కాయను తొడిమతో సహా నోట్లో వేసుకుని కరకరా నమిలేసింది.

"ఓయమ్మో! నీళ్లు, నీళ్లు!" అని అరిచింది శాంతాబాయి.

"నీళ్లెందుకమ్మా? దీనికి తాగిపిచ్చిన నీళ్లే ఎక్కువైనయి. ఇది సారు మడిల కాయ. నేనే మార్చి తెచ్చిన. ఎవరి దిష్టీ లేదు, ఏం లేదు."

బసవరాజు ఇంకో కాయ తీసుకుని కొరికాడు. నమిలాడు. కూతురి వైపు వింతగా చూశాడు.

"దీనికి కారం లేదని నీకెట్ల తెలుసు?"

"పొద్దుగాల పోసి, మాపటికి పోసి, వానల గూడ గొడుగు పట్టుకొని పోస్తె కారం యాడుంటది నాయినా?"

"మరి ఎరికుండి సారుకు ఒక్కమాట చెప్పకపోతివేంది?"

సూర్యకళ తల దించుకుంది. జడ కొస వేలికి చుట్టుకుంది.

"చెప్తె... నీళ్లు పోసుడు బంద్ జేస్తడు గదా."

శాంతాబాయి కుంపటి పక్కనే చతికిలబడింది. ఉమాపతికి కాళ్లు నేల మీద ఆనడం లేదు. నిన్న లేని ధైర్యం ఇప్పుడు ఎక్కడి నుంచో ఊడిపడింది.

"నాకూ ఆ మొక్కల మీద పెద్ద ప్రేమేం లేదండీ" అన్నాడు. "మీ అమ్మాయంటేనే ఇష్టం. మీరు సరేనంటే పెళ్లి చేసుకుంటాను."

బసవరాజు అతన్ని కింది నుంచి మీది దాకా చూశాడు. "మాది లింగాయతుల ఇల్లు. మెడల లింగం ఉందా?"

ఉమాపతి చొక్కా గుండీ విప్పి దారం పైకి లాగి మెడలోని లింగకాయ చూపించాడు.

"ఇగ సికింద్రాబాదోళ్లకు నేను చెప్పుకుంట తియ్యి" అని బసవరాజు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "గాని సారూ, పొద్దున రూం ఖాళీ చేస్తనన్నవు గదా. చెయ్యి. హబ్సిగూడల యాడనన్న సూసుకో."

ఉమాపతి మొహం పాలిపోయింది. "అదేమిటండీ? ఇప్పుడే కదా మీరు..."

"మరేంది! కీసరగుట్ట మీద లగ్గం అయ్యేదాంక, కాబోయే అల్లుడు మా ఇంట్లనే కిరాయికుంటె వాడకట్టు నవ్వదా?"

ఆ మాట అర్థం కావడానికి ఉమాపతికి కాస్త టైం పట్టింది. సూర్యకళకు ముందే అర్థమై, లోపలికి పారిపోయి తలుపేసుకుంది.