తిమ్మక్క చెప్పిన సంగతి

1941. ఆదోనిలో పత్తి వ్యాపారి లక్ష్మీనరసయ్య ఇంట్లో ఆ ఉదయం సుబ్బలక్ష్మి ఫలహారానికి ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెడుతోంది. కొడుకు జనార్దనం ముందురోజే ఎమ్మిగనూరు వెళ్లి వచ్చాడు. కులసంఘం వాళ్లు వంశావళులు అచ్చువేయిస్తున్నారు. తమ ఇంటిది రాసే పని అతను తీసుకున్నాడు. తల్లి పుట్టిన ఊరు ఎమ్మిగనూరే.

“మీ పాత ఇంటి పక్కనుండే తిమ్మక్కను కలిసినానమ్మా. నీకు చిన్నప్పుడే ఒక పెండ్లయిందంట కదా. ఆ పిల్లోడు చచ్చిపోయినాడంట.”

ఆమె చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

“ఎవురు అడగమన్నారు నిన్ను?”

“అడిగితే తప్పేముంది? నాయన వితంతువును చేసుకున్నాడని తెలిస్తే నలుగురికి ధైర్యమొస్తుంది. రాసేసినాను. మధ్యాహ్నం బళ్ళారి అచ్చాఫీసుకు పంపుతాండాను.”

“నాతో ఒక మాట చెప్పకుండానే?”

“ఉన్నదే కదమ్మా రాసింది.”

“ఉన్నదే. అది నాది.” ఆమె బొరుగుల గిన్నె పక్కకు నెట్టింది. “దాన్ని మరిపించాలనే మా నాయన నన్ను ఈ ఊరికి తెచ్చినాడు. ఈ వీధిలో ఏ పెండ్లయినా పసుపు దంచను నన్నే ముందు పిలుస్తారు. నీ పుస్తకం చూసినాక ఎవురు పిలుస్తారు? ధైర్యం వాళ్లకు, దించుకునే తల నాకా?”

మాటలు విని లక్ష్మీనరసయ్య లోపలికి వచ్చాడు.

“మీరు చెప్పండి నాయనా. చేసుకునేటప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?”

“భయం కాదురా. అప్పుడు మీ అమ్మకు మాటిచ్చినాను, తను చెప్పేదాకా అడగనని.” ఆయన భార్య వైపు చూడలేదు. “ఆ పిల్లోని పేరేమో నాకు ఈ పొద్దుకీ తెల్దు.”

జనార్దనం తను రాసిన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి ఇన్నేళ్లూ అడగనిది తను పరాయి ఇంటి అరుగు మీద కూర్చుని అడిగి వచ్చాడు. ఆ పెండ్లి సంగతి రాసిన నాలుగు పంక్తులూ అక్షరం కనిపించకుండా కొట్టేశాడు.

“తప్పయిందమ్మా. ఇంక ఎవ్వరికీ చెప్పను.”

సుబ్బలక్ష్మి తలెత్తకుండా అంది.

“రంగప్ప. పీటల మీదే నిద్రపోతాంటే నేనే గిల్లి లేపినాను. మరుసటేడు కలరాలో పోయినాడు. అప్పుడు ఏడ్సను తెల్దు. తెలిసినాక ఏడ్సనీలేదు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మీనరసయ్య కండువా పక్కన పెట్టి ఆమె దగ్గర నేల మీద కూర్చున్నాడు. జనార్దనం లేచి వీధి తలుపు మూశాడు.

ఆ రోజు లక్ష్మీనరసయ్య పత్తి మండీకి పోలేదు.