గడియారాల కింది కాగితాలు

తెల్లారేసరికి ముందుగది నేల కనిపించడం లేదు. కిటికీ నుంచి గుమ్మం దాకా రసీదుల దొంతరలు. ఒక్కో దొంతర మీద ఒక్కో పాత చేతి గడియారం. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని ఏనాడో ఆగిపోయాయి. గదంతా సన్నటి టిక్కుటిక్కులు, దూరంగా ఎక్కడో చినుకులు మొదలైనట్టు.

ఆదాయపు పన్ను గడువు దగ్గరపడితే ఆ ఇంట్లో ఏటా ఇదే తంతు. గడియారాలు బాగుచేసే ఆ ఇంటాయన ఫ్యాను కట్టేసి, దుకాణం రసీదులన్నీ నేల మీద పరిచి, ఎగిరిపోకుండా గడియారాలు పెట్టేవాడు. ఆయన భార్య టీ గ్లాసు పట్టుకుని దొంతరల మధ్య పాదాలు ఎత్తెత్తి వేస్తూ వస్తుంటే, "కొంగలా భలే నడుస్తున్నావోయ్" అని నవ్వేవాడు. ఈ ఏడు ఆయన లేడు. పోయిననాటి వరకూ వచ్చిన ఆదాయానికి లెక్క చూపించాల్సిందేనని అకౌంటెంటు చెబితే, కూతురు సెలవు పెట్టి మరీ వచ్చింది.

ఆ కూతురు ఇప్పుడు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా! నిన్న నెలలవారీగా సర్దాను కదా, మళ్ళీ ఇలా కలగాపులగం అయిపోయాయేంటి?"

"గాలికి అయ్యుంటాయి."

"గాలి వచ్చి గడియారాలు తీసి, కాగితాలు కలిపి, మళ్ళీ గడియారాలు పెట్టి పోయిందా? మొన్నా ఇంతే. రేపటితో గడువు అయిపోతుంది, తెలుసా?"

"అబ్బ, పొద్దున్నే మోగకే గంటమ్మా."

అది తండ్రి పెట్టిన ముద్దుపేరు. కూతురు నవ్వలేదు.

"మాట మార్చకు. జరిమానా పడితే పడనీ. నాన్న ఒక్కసారైనా గడువు దాటాడా? ఆఖరిసారి ఆయన పేరు మీద ఆలస్యం అని పడాలా? నువ్వే కలిపేస్తున్నావు కదూ?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఎండ గడియారాల అద్దాల మీద పడి, గోడలంతా వెలుగు చుక్కలు తేలుతున్నాయి. వాటిని చూస్తూ కూర్చుంటే ఆయన ఇప్పుడే దుకాణానికి బయల్దేరినట్టు, దారిలో ఎవరితోనో కబుర్లలో పడ్డట్టు ఉంటుంది ఆవిడకి.

"అవును, నేనే" అంది. "ఇదొక్కటి పంపేస్తే ఆయన పేరు మీద ఇంకేం ఉండదన్నాడు మీ అకౌంటెంటు. ఎంత తేలిగ్గా అనేశాడే! దుకాణం మూసేశారు. ఫోను తీసేశారు. ఆయన చేయాల్సిన పని ఇదొక్కటే మిగిలింది. పని మిగిలుంటే మనిషి వస్తాడనిపిస్తుందే నాకు..."

కూతురు కోపం ఎటు పోయిందో, దొంతరల మధ్య చతికిలబడింది.

"నేను మాత్రం తొందరగా వదిలించుకోవాలనుకుంటున్నానా? నాన్న రాత చూస్తూ కూర్చుంటే ఒక్క నెల సర్దడానికి పూటంతా పట్టింది నాకు."

తల్లి పక్కన కూలబడి, కూతురి తల దగ్గరకు తీసుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత ఆవిడే మొదటి గడియారం ఎత్తి, కింది కాగితాలు అందించింది.

సాయంత్రానికి అంకెలన్నీ కంప్యూటర్‌లోకి చేరాయి.

"మరి సంతకం?" అందావిడ.

"ఆయన తరఫున నువ్వే పంపుతున్నావమ్మా. నీ పేరే ఉంటుంది."

"నన్నేమని రాశారు?"

"భార్య అని."

"ఇంకా అలాగే రాస్తారా?"

"ఇంకా అలాగే."

ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది. "అయితే పంపు" అంది.

పంపేశాక టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. కాగితాలు తీసేసిన నేల నున్నగా మెరుస్తోంది. గ్లాసులు పట్టుకుని వస్తూ, ఆ ఖాళీ నేల మీద ఆవిడ పాదాలు ఎత్తెత్తి వేసింది.

కూతురు చూసింది. టీ తాగి, గ్లాసులు కడగడానికి వెళ్తూ తనూ అలాగే నడిచింది.